రెండో గేరు నుంచి మూడో గేరుకి

కారు వెనక తలుపు పైకెత్తి చూడగానే కేకులమ్మకి గుండె గుభేలుమంది.

పొద్దున ఇంట్లో బయల్దేరినప్పుడు మూడంతస్తుల కేకు కొలబద్ద పెట్టి గీసినట్టు నిటారుగా ఉంది. ఇప్పుడు పై అంతస్తు ఓ పక్కకి ఒరిగి, బస్సులో కునికిపాట్లు పడే మనిషి పక్కవాడి భుజం మీద తల వాల్చినట్టుంది. అవతల హాల్లో పిల్లలు అప్పుడే చప్పట్లు కొడుతున్నారు. ఆవిడ గబగబా సామాను పెట్టె తెరిచింది. ఒరిగిన వైపు క్రీముతో దన్ను కట్టి, చక్కెర పువ్వులన్నీ ఆ పక్కకే గుత్తిగా అతికించింది. ఆ పూటకి గట్టెక్కింది. పైగా వచ్చినవాళ్ళు "ఆ వంపు ఎంత ముచ్చటగా ఉందండీ, అలా చేయడం ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగారు. నవ్వి ఊరుకుంది గానీ, ఇంటికొచ్చేదాకా ఆవిడ కడుపు మండుతూనే ఉంది.

తప్పు కేకుది కాదు. రోడ్డుదీ కాదు. కారుది.

గేర్లు వాటంతటవే మారే కారు అది. ఒకప్పుడు మారిన సంగతి కూడా తెలిసేది కాదు. ఇప్పుడు మొదటి గేరు నుంచి రెండోదానికి బాగానే వెళ్తుంది. రెండు నుంచి మూడుకి వెళ్ళాల్సి వచ్చేసరికి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత వెనక నుంచి ఎవరో ఎగిరి తన్నినట్టు ధడేలుమంటుంది. ముందు కూర్చున్నవాళ్ళకి మెడ పట్టేస్తుంది. వెనకున్న కేకుకి నడుం విరుగుతుంది.

ఆ కారు కేకులమ్మ భర్తకి ప్రాణం. ఆయన నీటి సరఫరా ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగి. ఇంటింటికీ తిరిగి మీటరు అంకెలు ఎక్కించుకోవడం ఆయన పని. తన కారు మీటరు మూడు లక్షల కిలోమీటర్లు దాటిన రోజున ఇంటిల్లిపాదినీ బయటికి పిలిచి చూపించిన మనిషి. దానికి ఆయన పెట్టుకున్న పేరు పెద్దమ్మాయి. సెలవు రోజున తను స్నానం చేయకపోయినా పెద్దమ్మాయికి చేయిస్తాడు. ఇంజన్ ఆయిల్ వేళ తప్పకుండా మారుస్తాడు. గేర్‌బాక్సు ఆయిల్ మాట ఎత్తితే మాత్రం ఒంటికాలి మీద లేస్తాడు.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? దీన్ని అమ్మినాయన చేతిలో చెయ్యేసి మరీ చెప్పాడు. ఇన్నేళ్ళు మార్చని ఆయిల్ ఇప్పుడు మారిస్తే బండి ఉన్నచోటే కూలబడుతుందిట. ఆ పాత ఆయిలే దాన్ని పట్టి ఉంచుతోంది."

"కేకుని పట్టి ఉంచడం లేదు కదండీ మరి?"

"నువ్వు కొంచెం నెమ్మదిగా నడుపు."

"నెమ్మదిగా నడిపినా తంతోంది. గట్టిగా నడిపినా తంతోంది. ఇంక నేను దిగి తోసుకుంటూ వెళ్ళాలి."

మామూలుగా అయితే ఆ మాట అక్కడితో ఆగిపోయేది. కానీ ఆ వారమే ఆవిడకి తన జీవితంలోకెల్లా పెద్ద ఆర్డరు వచ్చింది. ఊరి పక్క కొండ మీద టెలిస్కోపు కేంద్రం ఉంది. అక్కడ కొత్త టెలిస్కోపు బిగించారు. ఆదివారం మధ్యాహ్నం ప్రారంభోత్సవం. వాళ్ళకి నాలుగంతస్తుల కేకు కావాలట, పైన టెలిస్కోపు గుమ్మటం, ఆ గుమ్మటం సగానికి తెరుచుకుని ఉండాలట. ఆ మాట విన్నప్పటి నుంచి కేకులమ్మ నేల మీద నిలవడం లేదు. చేతికందిన కాగితం మీదల్లా గుమ్మటాలే గీస్తోంది. కొండ దారి తలుచుకుంటే మాత్రం ఆ ఉత్సాహమంతా చప్పబడిపోతోంది. ఆ దారంతా మలుపులు, మలుపు మలుపుకీ గేరు మారాలి. అద్దె వ్యాను మాట్లాడదామా అంటే, ఇదివరకు ఒకసారి ఆ ముచ్చటా తీరింది. వ్యాన్లో పంపిన కేకు ముద్దయిపోయి అవతలివాళ్ళకి గిన్నెల్లో చేరింది.

కోడలి గోడంతా ఓపిగ్గా విన్నది అత్తగారు. ఆవిడ రిటైరైన నర్సు. ఉద్యోగమంతా పసికందుల వార్డులోనే గడిచింది. ఏ కబురు విన్నా ముందు కంగారు పడదు. ముందు ఉత్సాహపడుతుంది, తర్వాత చెప్పులేసుకుంటుంది.

"వాడు డ్యూటీకి వెళ్ళాడుగా?" అంది.

"వెళ్ళారు అత్తయ్యా."

"తాళాలు?"

"ఇక్కడే ఉన్నాయి."

"మరి కూర్చున్నావేమే? పద!"

*

వాళ్ళు వెళ్ళిన మెకానిక్కుని అందరూ వద్దు మేస్త్రి అంటారు. ఎవరేం అడిగినా ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. చక్రం మార్చమన్నా వద్దంటాడు, రంగు వేయమన్నా వద్దంటాడు. ఆ తర్వాత తీరిగ్గా బండి చుట్టూ తిరిగి, చేయాల్సింది చేస్తాడు. చెయ్యి మంచిదని పేరు. షెడ్డులో బండి ఎక్కించడానికి పైన చదునుగా ఉన్న రెండు వాలు దిమ్మెలు, గోడకి వరసగా తగిలించిన స్పానర్లు, మూలన బోర్లించిన డ్రమ్ము, దాని మీద ఆయన టీ గ్లాసు.

"గేర్‌బాక్సు ఆయిల్ మార్చాలి మేస్త్రీ," అంది కేకులమ్మ.

"వద్దు."

"పూర్తిగా వినండి ముందు."

"ఇది మాత్రం విన్నా వద్దే మేడమ్." ఆయన మొహంలో ఎప్పటి ధోరణి లేదు. అందుకోబోయిన గ్లాసు వదిలేశాడు. "ఇదివరకు ఒక పెద్దాయన కారుకి చేశా. మెషీన్ పెట్టి పాతదంతా ఒక్కసారిగా కడిగేసి కొత్తది పట్టించా. షెడ్డు గేటు దాటలేదది. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. రోజూ వచ్చి, ఆ కారు పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదువుకుని వెళ్ళేవాడు. నాలుగు తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి పాత బండి గేర్‌బాక్సు ముట్టుకోలేదు నేను."

అత్తగారు అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ కారు అప్పటికే జబ్బుతో ఉందా నాయనా?"

"జారుతుండేది పెద్దమ్మా. ఇంజన్ అరిచేది, బండి మాత్రం కదిలేది కాదు. లోపలి ప్లేట్లు అప్పటికే అరిగిపోయుంటాయి."

"మాది జారదు," అంది కేకులమ్మ వెంటనే. "తంతుంది. అంతే."

"తన్నడమేనా? ఇంజన్ ఊరికే అరవడం లేదూ?"

"లేదు."

మేస్త్రి లేచాడు. వద్దు వద్దంటూనే బానెట్ ఎత్తాడు. ఆయిల్ చూసే పుల్ల లాగి, తెల్ల కాగితం మీద ఒక బొట్టు పెట్టాడు. చిక్కటి కాఫీ రంగులో మరక మెల్లగా పాకింది. ముగ్గురూ దాని మీదికి వంగారు.

"నల్ల రవ్వలు లేవు," అన్నాడు మేస్త్రి. వాసన చూశాడు. తేల్చుకోలేక ఇంకోసారి చూశాడు. కేకులమ్మ కాగితం అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మాడలేదు మేస్త్రీ. మాడు వాసన అవతలి వీధిలోంచి వచ్చినా పసిగడతాను నేను. ఇది పాతబడిన వాసన."

"అయినా సరే, ఉన్నట్టుండి మొత్తం మారిస్తే..."

"మొత్తం ఎవరు మార్చమన్నారు?" అంది అత్తగారు. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. "మా వార్డులో పసిపిల్లలకి కామెర్లు ముదిరితే రక్తం మార్చేవాళ్ళు. వేలెడంత బిడ్డ. ఉన్న రక్తమంతా ఒక్కసారి లాగేస్తే ఇంకేమన్నా ఉందా? కొంచెం తీసేవాళ్ళు, అంతే ఎక్కించేవాళ్ళు. మళ్ళీ కొంచెం తీసి, మళ్ళీ అంతే. నేను పక్కన నిలబడి లెక్క చెబుతుండేదాన్ని. ఎంత బయటికి, ఎంత లోపలికి. బిడ్డకి తెలిసేలోగా రక్తం మారిపోయేది. నీ గేర్‌బాక్సుకి అలా కుదరదా?"

మేస్త్రి పెదవులు కదులుతున్నాయి. "కింద ఆయిల్ నిలిచే చాంబర్ విప్పితే ఎటూ సగం కూడా రాదు. మిగతాది లోపలే ఉండిపోతుంది... అంత కొత్తది పోసి, నాలుగు రోజులు తిప్పి, మళ్ళీ అంతే తీసి..." ఉన్నట్టుండి తలెత్తాడు. "చాంబర్ విప్పి చూస్తా. లోపల అయస్కాంతం ఉంటుంది. దానికి ఇనప ముక్కలు అంటుకుని ఉంటే మూసేసి ఇచ్చేస్తా. మీరు నన్నేమీ అనకూడదు."

"అనం!" అన్నారు అత్తాకోడళ్ళు ఒక్క గొంతుతో.

"ఎంత కారిందో అంతే పోయాలి. కొలత తప్పిందంటే మళ్ళీ నా పీకల మీదికి వస్తుంది."

"కొలత నాకొదిలెయ్యండి," అంటూ కేకులమ్మ అప్పటికే కారు వెనక తలుపు తీస్తోంది. అందులో ఆవిడ పాలు కొలిచే పెద్ద జగ్గులు రెండున్నాయి.

"వంటింటివి కదే అవి?" అంది అత్తగారు.

"ఇవాళ్టి నుంచి కాదు అత్తయ్యా."

*

ఫిల్టరు, చాంబర్ అంచుకి వేసే గాస్కెట్, కారు పుస్తకంలో రాసిన రకం ఆయిల్, అన్నీ వీధి చివరి షాపులోనే దొరికాయి. కేకులమ్మ దాదాపు పరిగెత్తుకుంటూ వెళ్ళి, పరిగెత్తుకుంటూ వచ్చింది. వచ్చేసరికి పెద్దమ్మాయి దిమ్మెల మీదికెక్కి ఉంది. మేస్త్రి కింద గోనెసంచీ పరుచుకుని, వెల్లకిలా పడుకుని ఒక్కో బోల్టు విప్పుతున్నాడు. అత్తగారు టార్చిలైటు పట్టుకుంది.

"ఒక పక్క వదులు చేస్తా. అటు నుంచి సన్నగా కారుతుంది. జగ్గు అక్కడే ఉంచండి," అన్నాడు మేస్త్రి.

చెప్పినట్టే సన్నగా కారింది, నల్లని తీగలాగా. కేకులమ్మ ఊపిరి ఉగ్గబట్టుకుని చూస్తోంది. ఎన్నేళ్ళ నాటి ఆయిల్ అది! ఎన్ని ఊళ్ళు తిరిగిందో, ఎంత వేడి చూసిందో! పాత గాస్కెట్ మాత్రం చాంబరుకి బంకలాగా పట్టేసింది. ఎంతకీ ఊడదు. మేస్త్రి స్క్రూడ్రైవరు వెనక వైపుతో మెల్లగా ఒక దెబ్బ వేశాడు. కదల్లేదు. రెండో దెబ్బ వేశాడు. చాంబర్ ఒక్కసారిగా ఊడి, అందులో మిగిలిన ఆయిల్లో సగం ఆయన ఛాతీ మీద కుమ్మరించింది.

"అమ్మో!"

"కళ్ళలో పడిందా నాయనా?" అత్తగారు వంగిపోయింది.

"లేదు లేదు. చొక్కానే. చాంబర్ అందుకోండి, చాంబర్!"

కేకులమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుని, మిగిలింది జాగ్రత్తగా జగ్గులోకి ఒంపింది. అడుగున చిన్న అయస్కాంతం ఉంది, దాని చుట్టూ బూడిద రంగు ముద్ద. మేస్త్రి ఒళ్ళంతా ఆయిల్‌తోనే పాక్కుంటూ బయటికొచ్చాడు. ఆ ముద్ద కొంచెం తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాడు. అత్తాకోడళ్ళిద్దరూ ఆయన మొహంలోకే చూస్తున్నారు.

"ఇసకలా తగిలిందంటే మన పని అయిపోయినట్టే," అన్నాడు.

"తగులుతోందా?"

ఆయన ఇంకాస్త రుద్దాడు. ఆ నల్లటి మొహంలో పళ్ళు బయటపడ్డాయి. "వెన్న! వెన్నలాగా ఉంది! ఒక్క ముక్క లేదు. ఇన్ని లక్షలు తిరిగినా లోపల ఆరోగ్యంగా ఉంది మీ బండి!"

అత్తగారు చప్పట్లు కొట్టింది. కేకులమ్మ నూనె చేతులతోనే ఆవిడని కావలించుకోబోయి, చీర గుర్తొచ్చి ఆగింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది.

"నీళ్ళ మీటరండీ!"

షెడ్డు ఆయన తిరిగే వరసలోనే ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

కేకులమ్మ భర్త చేతిలో పెన్నుతో, భుజాన సంచీతో లోపలికొచ్చాడు. దిమ్మెల మీద పెద్దమ్మాయిని చూశాడు. దాని కింద తెరిచి ఉన్న గేర్‌బాక్సునీ, భార్య చేతిలోని నల్లటి జగ్గునీ, తల్లి చేతిలోని టార్చినీ, నిలువునా తడిసిన మేస్త్రినీ వరసగా చూశాడు. పెన్ను జారి కింద పడింది.

"ఏం చేశారు?" అన్నాడు. "నా పెద్దమ్మాయిని ఏం చేశారు?"

"అరవకు," అంది తల్లి. "ఆపరేషన్ జరుగుతుంటే బంధువులు బయట కూర్చోవాలి."

"అమ్మా! నువ్వు కూడానా?"

"నేను కూడా ఏమిట్రా? నేనే ముందు."

"ఏవండీ," కేకులమ్మ దగ్గరికి వెళ్ళింది. "చెప్పకుండా తేవడం తప్పే. అడిగితే వద్దంటారని చెప్పలేదు. లోపల ఒక్క ఇనప ముక్క లేదటండీ. చూడండి, వెన్నలాగా ఉంది."

ఆయన చూడలేదు. డ్రమ్ము పక్కన గోడకానుకుని చేతులు కట్టుకున్నాడు. వెళ్ళిపోతాడేమో అనుకుంది కేకులమ్మ. వెళ్ళలేదు. మీటరు కూడా చూడలేదు.

*

కొత్త ఫిల్టరు, కొత్త గాస్కెట్ పడ్డాయి. బోల్టులన్నీ బిగిశాయి. కొత్త ఆయిల్ డబ్బా మూత తీయగానే దానిమ్మ రసంలాంటి రంగు చూసి, గోడకానుకున్న మనిషి కూడా మెడ ముందుకి చాచాడు. కేకులమ్మ కళ్ళు జగ్గు గీతల మీదే పెట్టి, పాతది ఎంత వచ్చిందో అంత కొత్తది కొలిచింది. మేస్త్రి గరాటు పెట్టి పోశాడు.

"స్టార్ట్ చేయండి మేడమ్. బ్రేక్ మీద కాలు తీయొద్దు."

ఇంజన్ మామూలుగానే అందుకుంది. ఆవిడ గేర్ రాడ్డు రివర్సులోకి లాగింది. బ్రేక్ వదిలింది.

కారు కదల్లేదు.

కొంచెం తొక్కింది. ఇంజన్ అరిచింది. చక్రం మాత్రం వెంట్రుకవాసి కూడా తిరగలేదు. రాడ్డు ముందుకి వేసింది. అదీ అంతే. ఆపి, తాళం తిప్పేసింది.

మేస్త్రి డ్రమ్ము మీద కూలబడ్డాడు. "చెప్పానా?" అన్నాడు నీరసంగా. "వద్దు వద్దు అని మొత్తుకున్నానా? ఆయన కారూ ఇలాగే. అచ్చం ఇలాగే."

భర్త మొహం కందగడ్డలా అయింది. ఏదో అనబోయి, స్టీరింగు ముందు బొమ్మలా కూర్చున్న భార్యని చూసి నోరు మూసుకున్నాడు. ఆయన ఆ మాట దిగమింగడం ఆవిడ కంటపడింది. దానికే ఏడుపొచ్చినంత పనైంది.

'మారిన ఆయిల్ సగం కూడా లేదు, మాడు వాసన లేదు, ఇనప ముక్క లేదు, పొద్దున నడిచిన బండి. మరి?' ఆవిడ ఒక్కొక్కటే వెనక్కి తిరిగి చూసుకుంటోంది. కేకు పొంగకపోతే పొయ్యిని తిట్టదు ఆవిడ. ముందు కొలతలు చూసుకుంటుంది. కొలత తప్పలేదే! గీతకి గీత సరిపోయింది. జగ్గులోకి వచ్చినదాన్ని...

జగ్గులోకి వచ్చినదాన్ని!

"మేస్త్రీ!" ఆవిడ తలుపు తోసుకుని దూకినంత పని చేసింది. "మీ చొక్కా!"

"చొక్కాకేమైంది?"

"దాన్ని పిండండి!"

తనకి మతి పోయిందనుకున్నాడో, ఆవిడకి పోయిందనుకున్నాడో, అయోమయంగా చూశాడు.

"జగ్గులో పడిందే కొలిచాం. మీ మీద పడింది కొలవలేదు. కింద గోనెసంచీ పీల్చుకుంది కొలవలేదు. పాత ఫిల్టరులో ఉండిపోయింది కొలవలేదు. అదంతా బండిలోదే కదా! తక్కువ పోశాం మేస్త్రీ, తక్కువ పోశాం!"

మేస్త్రి ఒక్క గెంతులో లేచి ఆయిల్ చూసే పుల్ల లాగాడు. చివరన పొడిగా తళతళలాడింది. ఒక్క చుక్క లేదు.

"నా బుద్ధి గడ్డి తిన్నది! పాత భయంతో పుల్ల చూడటమే మర్చిపోయా! గరాటు, గరాటు!"

గరాటు అందించింది ఎవరో కాదు, గోడకానుకున్న మనిషే. కేకులమ్మ మళ్ళీ ఎక్కి ఇంజన్ స్టార్ట్ చేసింది. ఈసారి మేస్త్రి కొంచెం కొంచెంగా పోశాడు, పోసినప్పుడల్లా పుల్ల చూశాడు. ఆయన చెప్పినట్టు ఆవిడ బ్రేక్ తొక్కి ఉంచి గేర్లన్నీ ఒక్కొక్కటే వేసి తీసింది. అత్తగారు కిటికీ పక్కన నిలబడి, వార్డులో చెప్పినట్టే, "లోపలికి ఇంకో గ్లాసు... ఇంకో అర..." అని లెక్క చెబుతోంది.

"ఇప్పుడు," అన్నాడు మేస్త్రి. "రివర్సు."

రాడ్డు లాగింది. అడుగున ఎక్కడో మెత్తగా ఒక చిన్న స్పర్శ. ఆవిడ బ్రేక్ మీద నుంచి కాలు తీసింది.

పెద్దమ్మాయి వెనక్కి కదిలింది.

"కదిలింది!" అత్తగారి కేక వీధి చివరి షాపుదాకా వినపడి ఉంటుంది. మేస్త్రి రెండు చేతులూ పైకెత్తి గిర్రున తిరిగాడు. కేకులమ్మ అరుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియదు. కారు దిమ్మెలు దిగి, షెడ్డు దాటి, వీధిలోకి వెన్నలా జారుతోంది. భర్త మీటరు సంచీ చంకలో పెట్టుకుని పక్కనే పరిగెత్తుతూ, "ఆపు, ఆపు, నేనూ ఎక్కుతా!" అంటున్నాడు.

అత్తగారినీ ఎక్కించుకుని ఆ వీధిలోంచి మెయిన్ రోడ్డెక్కారు. మొదటి గేరు. రెండో గేరు. మూడు పడింది. తన్నింది, కానీ ఇదివరకటి తన్ను కాదు. మోచేత్తో పొడిచినట్టు, అంతే.

"తగ్గింది," అంది కేకులమ్మ.

"బాగా తగ్గింది," అంది వెనక నుంచి అత్తగారు.

భర్త కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. అటే చూస్తూ అన్నాడు: "మళ్ళీ ఎప్పుడు మార్చాలన్నాడు మేస్త్రి?"

*

ఆ నాలుగు రోజులూ ఆయనే కారు తిప్పాడు. డ్యూటీ అయ్యాక ఊరు చుట్టూ తిప్పి తెచ్చి, "ఇవాళ ఇంకొంచెం నయం" అని తల్లికి చెప్పేవాడు. శనివారం తనే దగ్గరుండి షెడ్డుకి తీసుకెళ్ళాడు. మేస్త్రి ఈసారి వద్దనలేదు. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, చాంబర్ అడుగున పెద్ద టబ్బు పెట్టి, ఒక్క బొట్టు బయటికి పోకుండా దించాడు. వచ్చిన ఆయిల్ టీ రంగులో ఉంది. ఇంకోసారి మారిస్తే అసలు రంగు వస్తుందన్నాడు, తొందరేమీ లేదన్నాడు, కొంత తిరగనిమ్మన్నాడు.

ఆదివారం గుమ్మటం కేకు కారెక్కింది. నాలుగంతస్తులు. నీలం నుంచి నలుపుకి తిరిగే ఆకాశం రంగు. పైన సగం తెరిచిన తెల్ల గుమ్మటం, దాని లోపల వేలంత టెలిస్కోపు. కేకులమ్మ స్టీరింగు పట్టుకుంది. పక్కన భర్త. వెనక సీట్లో అత్తగారు బెల్టు పెట్టుకుని, చేతి అద్దం ఒకటి భుజం పక్కన పట్టుకుని, అందులోంచి కేకుని కనిపెడుతోంది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"నిలకడగా ఉంది. నువ్వు దారి చూడు."

కొండ మొదలైంది. మొదటి మలుపు, రెండో మలుపు. గేర్లు దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. ఒక మలుపు దగ్గర రాళ్ళ లారీ ఒకటి అడ్డంగా వచ్చి ఆగింది. కేకులమ్మ ఏటవాలు మీదే ఆపేయాల్సి వచ్చింది. ముందు లారీ పొగ వదిలి కదిలింది. ఇక నిండు ఎత్తు మీద, సున్నా నుంచి ఎక్కాలి. ఈ కారు అలాంటి చోటే మరీ గట్టిగా తన్నేది.

బ్రేక్ వదిలింది. మొదటి గేరు లాగింది. రెండు. ఇంజన్ స్వరం పెరుగుతోంది. భర్త డాష్‌బోర్డు మీద చెయ్యి వేశాడు, జ్వరమొచ్చిన పిల్లల నుదుటి మీద వేసినట్టు.

"అత్తయ్యా?"

"నిలకడ."

"మూడు పడబోతోంది..."

"పడింది కదే!" అన్నాడు భర్త. "మూడు పడి చాలాసేపైంది. ముందు మీటర్లో గేరు అంకె చూడు!"

ఆవిడ చూసింది. పడింది. తెలియలేదు. అత్తగారు అద్దం దించకుండానే, "గుమ్మటం వెంట్రుకవాసి కదల్లేదు!" అని కేక పెట్టింది. ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారు. ఎందుకంత నవ్వొచ్చిందో వాళ్ళకే తెలియదు.

కొండ మీద టెలిస్కోపు కేంద్రం పెద్దలు స్వయంగా బయటికొచ్చి తలుపు పట్టుకున్నారు. కేకు చక్రాల బల్ల మీదికి దిగింది, అసలు గుమ్మటం కింద నిలబడింది. దాని పక్కన కొత్త టెలిస్కోపు చిన్నబోయింది అని ఎవరో అన్నారు. డైరెక్టరమ్మ కత్తి పట్టుకుని, ఎక్కడ కోయాలో మనసొప్పక అటూ ఇటూ తిరిగింది. చివరికి కేకులమ్మే ఆవిడ చెయ్యి పట్టుకుని కోయించింది. భర్త మాత్రం ఆ సమయానికి హాల్లో లేడు. బయట కారు దగ్గర, ఓ డ్రైవరుని నిలబెట్టి, పాత బండికి గేర్‌బాక్సు ఆయిల్ కొంచెం కొంచెంగా ఎలా మార్చాలో చేతులు తిప్పుతూ చెబుతున్నాడు.

దిగేటప్పుడు కారు వెనక భాగం ఖాళీ. అద్దంలో చూడటానికి ఏమీ లేక అత్తగారు కాసేపు కొండలు చూసింది, కాసేపు కోడలి భుజం మీద వేళ్ళతో దరువేసింది. అడుగుకి చేరాక రోడ్డు రెండుగా చీలింది. ఎడమ చేతికి ఇల్లు. కేకులమ్మ ఎడమకి తిప్పడానికి లైటు వేసింది.

"ఏమే అమ్మాయ్," అంది అత్తగారు. "వచ్చేటప్పుడు నేను కేకునే చూశాను. కొండెక్కడం ఎలా ఉంటుందో చూడనే లేదు."

కోడలు భర్త వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆయిల్ బాగా కలవాలంటే ఎంత తిప్పితే అంత మంచిదన్నాడు మేస్త్రి," అన్నాడు. మేస్త్రి ఆ మాట అనలేదని ముగ్గురికీ తెలుసు.

ఆవిడ లైటు ఆర్పి, బండి వెనక్కి తిప్పింది. ఈసారి జాగ్రత్త పడాల్సింది ఏమీ లేదు. కొండ మొదటి మలుపు దగ్గర అత్తగారు కిటికీ అద్దం పూర్తిగా దించింది. గాలికి నెరిసిన జుట్టంతా చెదిరి మొహం మీద పడుతోంది.

"ఇంకాస్త తొక్కవే!" అంది.

కేకులమ్మ తొక్కింది.